తాతయ్య పక్కన ఆ ట్యాంకు ఎవరిది?

మా తాతయ్య పోయిన తొమ్మిదో రోజు పొద్దున ఊళ్లోని కుర్రాళ్లు పన్నెండడుగుల ఫ్లెక్సీ ఒకటి చేయించి, సెంటర్లో కట్టే ముందు నాయనమ్మకు చూపించాలని ఇంటికి తెచ్చి వాకిట్లో పరిచారు. ఎడమవైపు యూనిఫాంలో ఉన్న తాతయ్య పాత ఫోటో, దానికి కొత్తగా పూసిన రంగులు. కుడివైపు నిప్పులు కక్కుతున్న ట్యాంకు. పైన మూడు యుద్ధవిమానాలు. అడుగున 'వీర జవానుకు కన్నీటి నివాళి' అన్న పెద్ద అక్షరాలు, వాటికింద చందాలిచ్చిన 23 మంది ముఖాలు. కూలి డబ్బుల్లోంచి తలా రెండు వందలు వేసుకొని, ప్రేమతో చేయించిన పని అది. నాయనమ్మ అరుగు మీదనుంచే వంగి చాలాసేపు చూసి, "మీ తాత పక్కనున్న ఆ బండి ఎవరిదిరా?" అని అడిగింది. యుద్ధంలో ట్యాంకు అని చెప్పారు. "ఆయన దాన్ని ఎప్పుడెక్కాడు?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత నెలల తరబడి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు కనుకే ఈ వ్యాసం.

పెద్దకర్మ రోజున పంచడానికి నాలుగు పేజీల స్మృతిపత్రం రాసే పని ఇంట్లో నాకు అప్పజెప్పారు. మార్కాపురంలో డీటీపీ చేసే అబ్బాయి తన కంప్యూటరులో అలాంటివి పదుల సంఖ్యలో ఉన్నాయనీ, పేరూ ఫోటో మారిస్తే చాలుననీ చెప్పి రెండు వాక్యాలు చూపించాడు. ఒకటి, దేశమాత రుణం తీర్చుకున్న ధీరుడని. రెండోది, కుటుంబాన్ని కంటికి రెప్పలా కాచుకున్న ఆదర్శ గృహస్థని. ఆ రెండింటినీ పక్కపక్కన చదివినప్పుడు నాకు మొదట అనిపించింది, రెండూ అబద్ధాలు కావని. కాసేపటికి అనిపించింది, రెండూ ఒకేచోట కళ్లు మూసుకుంటున్నాయని. దేశం కోసం సరిహద్దులో ఉన్నవాడు అదే సమయంలో ఇంటిని కంటికి రెప్పలా ఎలా కాచుకుంటాడు? ఆ కాపలా ఎవరు కాశారో మొదటి వాక్యం అడగదు, రెండో వాక్యం చెప్పదు. సైనికుడి జీవితాన్ని తలచుకునేటప్పుడు ఆయన లేని ఇంటిని వదిలేస్తే, మనం మిగతా ఏం రాసినా అది ఫ్లెక్సీ మీది ట్యాంకుతో సమానమేనన్నది నేను ఇక్కడ చెప్పదలచుకున్న మాట. అది చెప్పడం అనుకున్నంత సులువుగా లేదు.

14 రోజులు

తాతయ్య 1963లో సైన్యంలో చేరాడు. చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని పెద్దఎత్తున పెంచుతున్న కాలం అది. పశ్చిమ గోదావరిలోని మాధవరం లాగా తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊరు కాదు మాది. ఊళ్లో ఆయనకు ముందు ఇద్దరే వెళ్లారు. పలకల గనులకు పోవడమో, మెట్ట చేలల్లో వానకోసం ఎదురుచూడటమో తప్ప మరో దారి లేనిచోట, కొలతలకు సరిపోయే ఛాతీ ఉండటం ఒక అవకాశం. సైన్యంలోకి ఎందుకు వెళ్లావు తాతయ్యా అని స్కూలు వ్యాసం కోసం నేను అడిగితే, "ఆ ఏడు వానల్లేవు" అన్నాడు. నేను వ్యాసంలో 'దేశభక్తితో' అని రాసి బహుమతి తెచ్చుకున్నాను.

మీటరుగేజి బండిలో గుంతకల్లు మీదుగా బెంగుళూరు వెళ్లి, ఉల్సూరు చెరువు దగ్గరి మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో చేరాడు. మద్రాస్ శాపర్లంటారు వాళ్లను. తమిళుడైనా తెలుగువాడైనా మలయాళీ అయినా అక్కడ ప్రతివాడూ 'తంబి'యే. వాళ్ల పని వంతెనలు కట్టడం, దారులు వేయడం, మందుపాతరలు పాతడం, తీయడం.

1971 యుద్ధమంటే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. సాగరతీరంలో ఒడ్డుకెక్కించిన కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి ఫోటోలు దిగనివాళ్లు తక్కువ. మా ఇంటి యుద్ధం మాత్రం ఊళ్లో ఎవరికీ నోరు తిరగని షకర్‌గఢ్‌లో జరిగింది. పఠాన్‌కోట నుంచి జమ్మూ వెళ్లే రోడ్డు వైపు పొడుచుకొచ్చిన పాకిస్తాన్ భూభాగం అది. అందులో రావి నదికి ఉపనది బసంతర్. డిసెంబరు 15 రాత్రి మన సేన ఆ నదిని దాటే ప్రయత్నం చేసినప్పుడు ముందుగా తేల్చవలసింది నది సంగతి కాదు, దాని చుట్టూ పరచిన మందుపాతరల సంగతి. తొమ్మిదో ఇంజనీర్ రెజిమెంటు శాపర్లకు ఆ పని పడింది. వాళ్లలో తాతయ్య ఒకడు, అప్పటికి ఆయనకు 28 ఏళ్లు. దారి పూర్తిగా శుభ్రం కాకముందే అవతలి ఒడ్డున ఉన్న మనవాళ్లమీదికి శత్రువు ట్యాంకులు కదులుతున్నాయని కబురు రావడం, పూనా హార్స్ రెజిమెంటు ట్యాంకులు తెగించి ఆ మందుపాతరల మధ్యనుంచే వెళ్లడం, మర్నాడు 21 ఏళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ కాలుతున్న ట్యాంకును వదలకుండా పోరాడి చనిపోవడం, ఆయనకు పరమవీర చక్ర రావడం అందరికీ తెలిసినవే.

తాతయ్య చెప్పేది ఇందులో ఒక చిన్న ముక్క. యంత్రాలు వదిలేసినచోట, కడుపుమీద పాకుతూ, సన్నటి ఇనుప చువ్వను నేలలోకి ఏటవాలుగా గుచ్చుతూ, గట్టిగా తగిలితే ఆగి, చేత్తో మట్టి తీసి చూడటం. శుభ్రం చేసిన దారికి అటూ ఇటూ తెల్లటి నాడా పరుచుకుంటూ పోవడం. "చలికి వేళ్లు మొద్దుబారేవి. మొద్దుబారిన వేలికి రాయో మైనో యాడ తెలుస్తది?" ఇంతకు మించి ఆయన నోట యుద్ధవర్ణన నేను వినలేదు. కనుక నాయనమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇది: ఆయన ట్యాంకు ఎక్కలేదు, ట్యాంకు ముందు నేలమీద పాకాడు. కానీ నేలమీద బోర్లా పడుకున్న మనిషిని ఏ ఫ్లెక్సీ మీదా వేయలేరు. వేస్తే శవమనుకుంటారు.

డిసెంబరు 3 సాయంత్రం మొదలైన యుద్ధం 17 రాత్రికి ఆగింది. తాతయ్య బతికింది 82 ఏళ్లు, అంటే దాదాపు 30 వేల రోజులు. అందులో ఆ యుద్ధానికి పోయినవి 14. ఈ లెక్కలో ఒక మోసం ఉందని నాకూ తెలుసు, ఎందుకంటే శాపర్లకు యుద్ధం 17న ఆగలేదు. పాతిన మందుపాతరలను కాల్పుల విరమణ తర్వాత ఎవరో ఒకరు తీయాలి. సిమ్లా ఒప్పందం జరిగి, ఆక్రమించిన నేలను తిరిగి ఇచ్చేసి మన సేన వెనక్కి వచ్చేసరికి 1972 డిసెంబరు అయింది. తన పక్కన పనిచేసిన తంబి ఒకడు యుద్ధంలో బతికి, ఏప్రిల్‌లో ఒక గోధుమ చేలో కాలు పోగొట్టుకున్నాడని తాతయ్య ఒక్కసారి చెప్పాడు. ఆ చేను ఎవరిదో, కోతకు ఎవరు వచ్చారో అని చివరన ఒక రైతు మాట కూడా అన్నాడు.

ఆయనకు రానిది

ఫ్లెక్సీని తప్పుపట్టడం మొదలుపెట్టాను గనుక, అంతకు ముందు జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. తాతయ్యను వాకిట్లో పడుకోబెట్టినప్పుడు అవే కుర్రాళ్లు జాతీయ జెండా తెచ్చి కప్పారు. పక్క ఊరినుంచి వచ్చిన ఆయన పాత స్నేహితుడు, సుబేదారుగా దిగిపోయిన పెద్దాయన, ఏమీ అనకుండా వంగి ఆ జెండాను తీసి, మడతలు సరిచూసుకుంటూ మడిచి, తెచ్చిన కుర్రాడి చేతిలో పెట్టాడు. ప్రభుత్వ, సైనిక లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో తప్ప జెండాను శవానికి కప్పకూడదన్నది నియమం. "ఇది వీడికి రాదు బాబూ. వీడు ఇంట్లో పోయాడు" అన్నాడు. ఆ మాట చాలామందికి కటువుగా వినిపించింది. మా బాబాయికైతే కోపమే వచ్చింది. నాకు మాత్రం ఆ పదకొండు రోజుల్లో తాతయ్య గురించి ఎవరూ అంత గౌరవంగా మాట్లాడలేదనిపించింది. ఇంట్లో పోవడమన్నది ఆ ఇద్దరికీ ఎంత అరుదైన సంగతిగా తోచేదో ఆ స్వరంలో ఉంది. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధస్మారకం గోడల మీద పాతికవేలకు పైగా అమరుల పేర్లున్నాయి. తాతయ్య పేరు అక్కడ లేదు, ఉండకూడదు, అది లేకపోవడమే మా ఇల్లు ఉండటానికి కారణం.

పతకాల దగ్గరా ఇలాగే జరిగింది. గాజు పెట్టెలోని ఆయన పతకాల్లో ఒకదాని పేరు 'పశ్చిమీ స్టార్'. స్టార్ అన్న మాట చూసి అది శౌర్యానికి ఇచ్చినదని కుర్రాళ్లు అనుకున్నారు. పశ్చిమ రంగంలో పనిచేసినవాళ్లకు దాన్ని ఇచ్చారు. 'సంగ్రామ్' పతకం ఆ యుద్ధకాలంలో సేవలో ఉన్నవాళ్లందరికీ. 1965 నాటి 'రక్షా' పతకం కూడా అంతే. ఈ సంగతి చెప్పినప్పుడు ఒక కుర్రాడి ముఖం వాడిపోయింది, అందరికీ ఇచ్చినవేనా అని. అప్పుడు నాకు సరైన జవాబు తట్టలేదు. అందరికీ ఇచ్చారంటే అందరూ అక్కడ ఉన్నారనే కదా అర్థం. ఎవరో ఒకరు వీరుడు కావడానికి ముందు, పేరు లేని కొన్ని వందలమంది ఆ చీకట్లో చెప్పిన పని చెప్పినట్టు చేసి ఉండాలి. ఊరు మాత్రం ఆయన నాయక్‌గా దిగిపోయినా బతికినన్నాళ్లూ 'హవల్దారు గారూ' అనే పిలిచింది. ఆ ప్రమోషన్ ఊరిచ్చింది, దానికి పింఛను పెరగలేదు.

తీగకు గుచ్చిన కాగితాలు

మా ఇంటి వంటగదిలో ఉట్టి పక్కన ఒక ఇనుప తీగ వేలాడుతుండేది. చిన్నప్పటినుంచీ చూస్తున్నా దాని సంగతి నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. కొసన వంచిన ఆ తీగకు పసుపు రంగుకు తిరిగిన కాగితాలు గుచ్చి ఉండేవి. అవి తాతయ్య పంపిన మనియార్డరు ఫారాల కింది ముక్కలు, అంటే డబ్బు ఇచ్చేటప్పుడు పోస్టుమాను చించి ఇచ్చే కూపన్లు. స్మృతిపత్రం కోసం తేదీలు వెతుకుతూ నేను వాటిని దింపి లెక్కపెట్టాను, 112 ఉన్నాయి. 1966లో 40 రూపాయలతో మొదలై 1979లో ఆగాయి. మధ్యలో ఎలుకలు కొట్టినవీ, పోయినవీ ఉన్నాయని నాయనమ్మ చెప్పింది.

1966లో పెళ్లయ్యేసరికి ఆమెకు 16 ఏళ్లు. ఆయనకు ఏటా రెండు నెలల సెలవు. పదవీ విరమణ దాకా అన్ని సెలవులూ దొరికాయనుకున్నా, పెళ్లయిన మొదటి 13 ఏళ్లలో వాళ్లిద్దరూ ఒక కప్పు కింద ఉన్నది 26 నెలలు. ఒకసారి ఫ్యామిలీ క్వార్టర్సు దొరికిందని ఉత్తరం వచ్చింది గానీ, అప్పుడే అత్తగారికి పక్షవాతం రావడంతో నాయనమ్మ కదల్లేకపోయింది. ఆ పదమూడేళ్లలో ఆమె ముగ్గురు పిల్లలను కని, నాలుగో కాన్పుకు సిద్ధమైంది. అత్తగారికి మూడేళ్లు సేవ చేసి 1974లో సాగనంపింది, తాతయ్య దినాలు అయిపోయాక వచ్చాడు. మా నాన్నను పాము కరిస్తే ఎడ్లబండిలో రాత్రికి రాత్రి కంభం తీసుకెళ్లింది. అన్నదమ్ముల భాగపంపకాల్లో బావగారు గట్టు జరిపితే, తలమీద కొంగు తీయకుండానే పెద్దమనుషుల మధ్య నిలబడి గట్టును మళ్లీ మొదటిచోటికి జరిపించింది. కమ్మలు కుదువబెట్టి 1975లో రెండెకరాలు కొన్నది. దస్తావేజులో కొనుగోలుదారుగా ఉన్నది తాతయ్య పేరు. ఆ తేదీన ఆయన మాకు 2 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు.

నేను స్మృతిపత్రంలో 'రెండెకరాల మెట్టను నాలుగెకరాలు చేసిన కష్టజీవి' అని రాయబోయి ఆగింది ఇక్కడే. డబ్బు ఆయనదేగా అని బాబాయి అన్నాడు. నిజమే. మనియార్డరు రాకపోతే కమ్మలు విడిపించే దారి ఉండేది కాదు. నేను తాతయ్య చేసినదాన్ని తగ్గించి నాయనమ్మకు పోయడంలేదు. ఒకరు పంపడం, మరొకరు దాన్ని ఇల్లుగా మార్చడం, ఈ రెండూ కలిసి ఒకే పని అయినప్పుడు, ఆ పని మొత్తానికి ఒకరి పేరు పెట్టి దాన్నే 'ఆదర్శ గృహస్థ ధర్మం' అనడంలో ఉన్న తొందరను గురించి అంటున్నాను.

ఉత్తరాలు వచ్చేవి, 56 ఏపీఓ అన్న సైనిక తపాలా ముద్రతో. నాయనమ్మకు చదువు రాదు కనుక బడి మాస్టారు చదివిపెట్టేవాడు. ప్రేమలేఖలా ఉండేవా అని మా అత్త ఏడిపిస్తే నాయనమ్మ చెప్పింది: "మొదట గేదెను అడిగేవాడు, తర్వాత వాళ్లమ్మను, తర్వాత వానల్ని, ఆఖరున పిల్లల తల్లి బాగుందా అని. చదివేది మాస్టారాయె. మొదటే నన్నడిగితే ఊరంతా నవ్వదూ? గేదె సంగతి ఎంత పొడుగు రాస్తే నా మీద అంత పానం ఉన్నట్టు." ఈ లెక్కను ఏ చరిత్రకారుడు పట్టుకుంటాడో నాకు తెలియదు.

ఆయన పోయాక కుటుంబ పింఛను కోసం కాగితాలు తీసుకెళ్తే ఇంకో విషయం బయటపడింది. సైన్యం రికార్డుల్లో నాయనమ్మ పేరు చివర 'అమ్మ' పోయి 'దేవి' వచ్చింది. పెళ్లి నమోదు చేసినప్పుడు ఏ గుమాస్తా చెవికి అలా వినిపించిందో గానీ, ఆధారులో ఉన్న మనిషీ రికార్డులో ఉన్న మనిషీ ఒకరేనని నిరూపించడానికి మాకు అయిదు నెలలు, రెండు అఫిడవిట్లు పట్టాయి. "ఇన్నేళ్లూ ఆయన పింఛను కాగితాల్లో ఉన్నది ఇంకెవరో గామాలు" అని నాయనమ్మ నవ్వింది. వాయిదా పడిన ప్రతిసారీ ఆమెను మార్కాపురం తీసుకెళ్లి, వేలిముద్ర పడక, వేలిని తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించిన నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను వెతికిన యుద్ధం

ఇంతవరకు రాసింది చదివితే నేను యుద్ధాన్ని పక్కనపెట్టిన మనిషిలా కనిపించవచ్చు. కానీ నేనూ తక్కువ తినలేదు. తాతయ్యతో చేనికి వెళ్లేటప్పుడు ఆయన ముందు నడుస్తూ, "నా అడుగులో అడుగెయ్యి" అనేవాడు. మేం నలుగురం పిల్లలం ఒకరి వెనక ఒకరు, ఆయన పాదాలు పడ్డచోటే మా పాదాలు వేస్తూ వెళ్లేవాళ్లం. పెద్దయ్యాక బసంతర్ గురించి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇరవయ్యేళ్ల తర్వాత కూడా ఆ మనిషి తెల్ల నాడాల మధ్యే నడుస్తున్నాడని అనుకున్నాను. స్మృతిపత్రంలో ఇది తప్పక ఉండాలనుకొని, మురిసిపోతూ నాయనమ్మకు చదివి వినిపించాను. "అది పాములకురా. మీ ముత్తాత కూడా అట్లానే నడిపించేవాడు" అంది. ముత్తాత ఏ యుద్ధానికీ వెళ్లలేదు.

ఆ వాక్యం కొట్టేశాను. కానీ నాకు అర్థమైందేమిటంటే, ఫ్లెక్సీ వేసిన కుర్రాళ్లకూ నాకూ తేడా చదువుకున్న పుస్తకాల్లోనే ఉంది, ఆశలో లేదు. వాళ్లకు శౌర్యం కావాలి, నాకు లోపలి గాయం కావాలి. ఇద్దరమూ ఆ మనిషి చేసిన ప్రతి పనినీ పద్నాలుగు రోజులకే ముడిపెట్టాలని చూస్తున్నాం. ఆయన నల్లమల అంచున, పాములున్న నేలలో పుట్టిన రైతు అన్నది ఇద్దరమూ మరిచిపోయాం. ఒక్కటి మాత్రం చెప్పగలను. 1990ల్లో మా వైపు పేపర్లో 'మందుపాతర పేలి' అన్న వార్త తరచుగా వచ్చేది. ఆ రోజు తాతయ్య పేపరు మడిచి పక్కన పెట్టేవాడు. అది పాములకు సంబంధించింది కాదని నా నమ్మకం, నమ్మకమే.

ఇంట్లోవాళ్లు రాయొద్దన్నది ఇంకొకటి ఉంది. 1979లో తాతయ్య తిరిగి వచ్చేసరికి పెదనాన్నకు 11 ఏళ్లు, నాన్నకు 9, అత్తకు 7. ఏడాదికి రెండు నెలలు మిఠాయిలతో వచ్చే చుట్టం లాంటి మనిషి హఠాత్తుగా రోజూ ఉండటం మొదలుపెట్టాడు. తెల్లవారుజామున 5 గంటలకు వాకిట్లో వరస, గోళ్ల తనిఖీ, ఆలస్యమైతే బెల్టు. పెదనాన్న 17 ఏళ్లప్పుడు ఇల్లు విడిచి హైదరాబాదు వెళ్లి ఆరేళ్లు మాట్లాడలేదు. పెద్దకర్మ రోజు ఆయన్ను రెండు మాటలు చెప్పమంటే లేచి, "మంచి క్రమశిక్షణ ఉన్న మనిషి" అని కూర్చున్నాడు. మా ఇంట్లో ఆ మాటకు ఏమి అర్థమో ఇంటివాళ్లందరికీ తెలుసు. అది యుద్ధం చేసిన పనా, సైన్యం చేసిన పనా, లేక ఆ రోజుల్లో మా ఊరి తండ్రులందరూ అంతేనా అని నేను తేల్చలేను. పక్కింటి పెద్దాయన సైన్యానికి వెళ్లకుండానే అంతకంటే ఎక్కువ కొట్టేవాడు.

అదే తాతయ్య ఒక బ్యాంకు ముందు తుపాకి పట్టుకొని 20 ఏళ్లు నిలబడ్డాడు. సైన్యంలో ఉన్న 16 ఏళ్లకంటే అది ఎక్కువ. ఆ తుపాకి ఒక్కసారీ పేలలేదు. నాన్న డిగ్రీ, బాబాయి ఐటీఐ, అత్త పెళ్లి, నా చిన్నప్పటి ఫీజులు, అన్నీ ఆ నిలబడటంలోంచి వచ్చినవే. ముసలితనంలో నాయనమ్మకు కంటి ఆపరేషన్ అయ్యాక నలభై రోజులపాటు ఆమెకు జడ వేసింది ఆయన. తాడు పేనినట్టు, గట్టిగా, ఎక్కడా వదులు లేకుండా వేసేవాడు. కొట్టిన చేతులు అవే, ఇనుప చువ్వ పట్టినవీ అవే. ఇందులో ఏది అసలు తాతయ్య అని ఎంచుకోమంటే నేను ఎంచుకోను.

తమ్ముడి మాట

ఈ వాదన అంతా నేను ఫోనులో మా బాబాయి కొడుక్కి చెప్పాను. వాడు అగ్నివీరుడిగా చేరి రెండేళ్లయింది, సెలవు దొరక్క పెద్దకర్మకు రాలేకపోయాడు. అంతా విని, "అన్నా, నువ్వు రాసేవి ఇంట్లో కూర్చున్నవాళ్లకు బాగుంటాయి. ఫ్లెక్సీ ఫోటో నేను మా బ్యారక్‌లో అందరికీ చూపించా. గేదె సంగతులు చూపించలేను గదా" అన్నాడు. వాడి మాటలో ఉన్న బరువును నేను తోసిపుచ్చలేను. నాలుగేళ్లకు వాళ్లలో నూటికి పాతికమందినే ఉంచుకుంటారు, మిగతావాళ్లకు పింఛను లేదు. తాతయ్య పదిహేనేళ్లు దాటి పనిచేశాడు కనుక ఆయనకు పింఛను వచ్చింది. ఆ పింఛను మీద మూడు తరాలు నిలబడ్డాం. ఇంటికి పంపేదానికే గడువున్న కుర్రాడికి గర్వమైనా మిగలాలి కదా అంటే, నా దగ్గర జవాబు లేదు.

పైగా తాతయ్యకు మిలటరీ అనిపించుకోవడం ఇష్టం. ఆగస్టు 15న పతకాలు తుడిచి పెట్టుకొని బడికి వెళ్లేవాడు. మాట్లాడమంటే ఏటా ఒకటే ప్రసంగం: వేళకు లేవండి, బూట్లు తుడుచుకోండి, అమ్మకు చెప్పకుండా ఎక్కడికీ పోవద్దు. పిల్లలు యుద్ధం కథ చెప్పమని అరిచేవాళ్లు. ఆయన సెల్యూట్ చేసి దిగేవాడు.

నాయనమ్మే నా వాదనకు పెద్ద అడ్డంకి అయింది. పొలం, గట్టు, పాముకాటు అన్నీ చేర్చి రాసిన ప్రతిని చదివి వినిపిస్తే ఆమె శాంతంగా, "ఆయన కర్మకు నా సంగతులెందుకురా? నేను ఇంకా ఉన్నా గదా" అంది. ఆమె మాట కాదనలేక ఆ పేజీ తీసేశాను. చివరికి పంచిన స్మృతిపత్రంలో డీటీపీ అబ్బాయి వాక్యాలు రెండూ ఉన్నాయి, పతకాల పేర్లు మాత్రం సరిగా ఉన్నాయి. ఆమె కోసమని ఆమె కాదన్నది ఇక్కడ రాయడం సబబేనా అని ఇప్పటికీ నాకు సందేహమే. ఈ మధ్య మళ్లీ అడిగాను. "కంప్యూటర్లోనైతే రాసుకో, మనూరోళ్లు చూడరుగా" అంది. అనుమతి అంటే అదే అనుకుంటున్నాను. అన్నట్టు, ఆ ఫ్లెక్సీ వానాకాలంలో మా వేరుశెనగ కట్టె వామి మీదికి చేరింది, బొమ్మ లోపలికి తిప్పి కప్పారు. మందంగా ఉంది, నాలుగేళ్లు వస్తుందని ఆమె తృప్తి.

తీగ మీది కూపన్లలో ఒకదాన్ని గురించి చెప్పాలి. మా అత్త 1972 ఫిబ్రవరిలో పుట్టింది. అప్పుడు తాతయ్య షకర్‌గఢ్ చేలల్లో మందుపాతరలు తీస్తున్నాడు. కూతురిని ఆయన మొదట చూసింది ఆగస్టులో. కాన్పు కబురు ఉత్తరంలో వెళ్లింది గానీ, అప్పటికి బారసాల కాలేదు. మార్చి నెల మనియార్డరు కూపను మీద, నాలుగు ముక్కలకు మించి చోటు లేని గడిలో, పెన్సిలుతో ఆయన రాసింది ఇది: 'పాపకు ఏం పేరు పెట్టినారో తెలుపగలరు.' మాస్టారు చదివిన ఆ వాక్యానికి జవాబు ఏం రాయించావని నాయనమ్మను అడిగితే గుర్తులేదంది. ఆ ఒక్క కాగితాన్ని తీగ నుంచి తీయించుకొని అత్త తన దగ్గర పెట్టుకుంది. మిగతా 111 మళ్లీ గుచ్చి, ఉట్టి పక్కన యథాస్థానంలో వేలాడదీశాను.